నెత్తురు తాగే నట్టలు

పిల్లలూ! సాయంకాలం పూట గొర్రెల మంద ఊళ్లోకి తిరిగి వస్తున్నప్పుడు ఎప్పుడైనా నిదానంగా చూశారా? దుమ్ము రేపుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ అంతా ఒక్క మూకగా వస్తాయి. మంద దాటిపోయిన తరువాత ఒకటో రెండో జీవాలు కాళ్లు ఈడ్చుకుంటూ వెనక వస్తాయి. కాపరి కర్రతో అదిలిస్తే నాలుగడుగులు పరుగెత్తి, మళ్లీ నిలబడిపోతాయి. అవి కుంటివి కావు, ముసలివీ కావు. మిగతా వాటితో పాటే మేశాయి, మిగతా వాటితో పాటే నీళ్లు తాగాయి. మరి ఎందుకు వెనకబడ్డాయి?

దిష్టి తగిలిందంటారు కొందరు. మేత ఒంటికి పట్టడం లేదంటారు మరికొందరు. ఈ రెండో మాటలో కొంత నిజం వుంది. మేసిన మేత గొర్రెకు దక్కకుండా చేసే ప్రాణి ఒకటి దాని కడుపులోనే కాపురం పెట్టి వుంటుంది.

ఇలా పశువుల కడుపుల్లో, పేగుల్లో, కార్జంలో చేరి బతికే పురుగులన్నిటినీ కలిపి మన రైతులు నట్టలు అంటారు. ఏలిక పాములు, బద్దె పురుగులు, జలగలు అంటూ వీటిలో చాలా జాతులు వున్నాయి. అన్నిటినీ ఏకరువు పెడితే మీకూ విసుగు, నాకూ ఆయాసం. అందుచేత గొర్రెలనూ మేకలనూ అన్నిటికన్నా ఎక్కువగా పీడించే ఒక నట్టను గురించి ముఖ్యంగా చెబుతాను. ఇది మనకు చిన్న విషయం కాదు. 2019లో జరిగిన పశుగణనలో దేశం మొత్తం మీద 7 కోట్ల 42 లక్షలకు పైగా గొర్రెలు లెక్కకు వచ్చాయి. అందులో తెలంగాణలో 1 కోటి 90 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 1 కోటి 76 లక్షలు. అంటే దేశంలోని గొర్రెలలో దాదాపు సగం ఈ రెండు తెలుగు రాష్ట్రాలలోనే వున్నాయన్నమాట! గొల్ల కురుమల ఇళ్లలో మందే ఆస్తి. పిల్ల పెళ్లికైనా, పిల్లవాడి చదువుకైనా మందలోంచి నాలుగు పొట్టేళ్లు అమ్మవలసిందే.

ఈ నట్టకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హీమాంకస్ కంటార్టస్. నోరు తిరగకపోతే ఫరవాలేదు. కంటార్టస్ అంటే లాటిన్ భాషలో మెలి తిరిగినది అని అర్థం. ఆ పేరు ఎందుకు వచ్చిందో ఆడ పురుగును చూస్తే తెలుస్తుంది. అది రెండు మూడు సెంటీమీటర్ల పొడవున, దారం ముక్కలాగా వుంటుంది. దాని పేగు నిండా నెత్తురు వుండటం వల్ల ఎర్రగా కనిపిస్తుంది. ఆ పేగు చుట్టూ తెల్లని అండాశయాలు మెలికలు తిరిగి వుంటాయి. ఎర్రదారమూ తెల్లదారమూ కలిపి పేనినట్టు వుంటుంది చూపుకు. ఇంగ్లీషు దేశాలలో మంగలి దుకాణాల ముందు ఎరుపు తెలుపు చారలు చుట్టిన స్తంభం ఒకటి నిలబెట్టడం ఆచారం. అందుకని అక్కడివాళ్లు దీన్ని మంగలి స్తంభం పురుగు అంటారు. చూడటానికి అందంగానే వుంటుంది. పని మాత్రం అందమైనది కాదు.

గొర్రె పొట్టలో నాలుగు అరలు వుంటాయని మీరు పాఠాల్లో చదివే వుంటారు. మేసిన గడ్డి మొదట పెద్ద అరలో చేరి నానుతుంది. తీరిక వేళ గొర్రె దాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నెమరు వేస్తుంది. నలిగిన మేత రెండు, మూడు అరలు దాటి నాలుగో అరకు వస్తుంది. మన జీర్ణాశయం వంటిది ఈ నాలుగో అరే. మన కథలోని నట్ట మకాం పెట్టేది ఇక్కడే. దాని నోట్లో సన్నని కత్తి వంటి మొన వుంటుంది. దానితో పొట్ట గోడను గీసి, ఊరిన నెత్తురు తాగుతుంది. తాగి ఊరుకోదు, అక్కడి నుంచి లేచి మరొక చోటికి పోతుంది. వదిలిపెట్టిన గాటు నుంచి ఇంకొంతసేపు నెత్తురు కారుతూనే వుంటుంది.

ఇప్పుడు పలకా బలపం తీసుకోండి, చిన్న లెక్క. ఒక నట్ట మూలంగా గొర్రెకు రోజుకు పోయే నెత్తురు మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. అంటే సుమారు ఒక చుక్క. ఒక్క చుక్కే కదా! కాని కడుపులో వుండేది ఒక్క నట్ట కాదు. వెయ్యి వుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. జబ్బు ముదిరిన గొర్రె కడుపులో అయిదు వేలు కూడా వుండవచ్చు; అప్పుడు రోజుకు 250 మిల్లీలీటర్లు, అంటే పావు లీటరు. పాతిక కిలోల గొర్రె ఒంట్లో వుండే నెత్తురంతా కలిపి సుమారు లీటరున్నర. మరి ఎన్ని రోజుల్లో ఒంట్లోని నెత్తురంతా పోయినట్టు? ఆరు రోజులు!

గొర్రె ఆరో రోజున చచ్చిపోతుందా అని అడుగుతారు. సాధారణంగా చావదు. పోయిన నెత్తురుకు బదులు దాని ఒళ్లు కొత్త నెత్తురు తయారు చేస్తూనే వుంటుంది. అందుకు ఇనుమూ మాంసకృత్తులూ కావాలి. మేసిన మేతలోని సారం అంతా దానికే పోతుంది. కండ పెరగడానికీ, పిల్లకు పాలు చేపడానికీ మిగిలేది ఏమీ వుండదు. తల్లికి పాలు తగ్గితే, కడుపులో ఒక్క నట్ట కూడా లేని పిల్ల సైతం ఆకలికి మాడిపోతుంది. కొన్నాళ్లకు ఒంట్లోని ఇనుము నిలవ అడుగంటుతుంది. అప్పటి నుంచి గొర్రె చిక్కిపోవడం పైకి కనబడుతుంది. ఒక్కసారిగా వేల కొద్దీ నట్టలు చేరితే మాత్రం ఇంత తంతు వుండదు. నిన్నటి దాకా బొద్దుగా వున్న గొర్రెపిల్ల తెల్లవారే సరికి పడిపోయి వుంటుంది.

కాపరులు బాగా ఎరిగిన గుర్తు మరొకటి వుంది. గొర్రె దవడ కింద సంచి వేలాడుతున్నట్టు వాపు వస్తుంది. నొక్కితే మెత్తగా వుంటుంది. నెత్తురులో మాంసకృత్తులు వున్నంతకాలం అవి నీటిని నాళాలలోనే పట్టి వుంచుతాయి. నట్టలు వాటిని తోడేస్తే నీరు నాళాల నుంచి ఊరి బయటికి దిగుతుంది. పగలంతా తల వంచి మేస్తుంది కనుక ఆ నీరు దవడ కింద చేరుతుంది. సాయంత్రానికి వాపు పెరుగుతుంది. రాత్రి తల ఎత్తి పడుకుంటే తెల్లవారేసరికి తగ్గుతుంది. అది చూసి నయమైందనుకోవడం కద్దు.

కడుపులో పురుగులుంటే విరేచనాలు అవుతాయని చాలామంది అనుకుంటారు. ఈ నట్టతో అలా కాదు. పెంటికలు గట్టిగానే పడుతుంటాయి. అందువల్లనే ఇది చాలాకాలం దొరకని దొంగగా వుండిపోతుంది.

ఇంతకూ ఇన్ని నట్టలు గొర్రె కడుపులోకి ఎలా వచ్చాయి? ఇదే అన్నిటికన్నా వింతైన భాగం. ఆడ నట్ట రోజుకు అయిదు వేల నుంచి పది వేల గుడ్లు పెడుతుంది. కాని ఆ గుడ్లు గొర్రె కడుపులో పొదగవు. పెంటికలతో పాటు నేలమీద పడి, వెచ్చదనమూ తడీ దొరికితే, ఒకటి రెండు రోజుల్లో చిట్లుతాయి. వచ్చిన పిల్ల పురుగులు మన కంటికి ఆనవు. పెంటికలోని సూక్ష్మజీవులను తిని పెరిగి, రెండు సార్లు కుబుసం మారుస్తాయి. రెండోసారి మారిన కుబుసాన్ని పాములాగా వదిలిపెట్టవు. దాన్నే చొక్కాలాగా తొడుక్కుని వుండిపోతాయి. ఆ చొక్కా ఎండ నుంచి కొంత కాపాడుతుంది గాని, నోరు కూడా మూసుకుపోతుంది. ఇక ఏమీ తినలేవు. ఒంట్లో దాచుకున్న నిలవ సరుకు అయిపోయే లోపల ఏదైనా గొర్రె కడుపులో పడాలి, లేదా చావాలి. ఎంత తొందరో చూడండి!

ఆ తొందరలో అవి గడ్డి పరక ఎక్కుతాయి. కాళ్లు లేవు, రెక్కలు లేవు. పరక మీద వున్న నీటి పొరలోనే ఈదుకుంటూ పైకి పోతాయి. నీటి పొర లేకపోతే ఎక్కలేవు. గొర్రె ఆ పరకను కొరికితే దానితో పాటు లోపలికి పోయి, చొక్కా విప్పి, నాలుగో అరకు చేరుకుంటాయి. మూడు వారాలకల్లా పెద్దవై గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి.

వానాకాలంలోనే ఈ జబ్బు ఎందుకు విజృంభిస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. వేసవి ఎండకు మాడిన బీడులో పిల్ల పురుగులు ఎక్కువకాలం బతకవు. తొలకరి పడి పచ్చిక మొలిచిందంటే వాటికి పండగ. మంచు ఆరిన తరువాత గాని మందను మేతకు విడవకూడదని పెద్ద కాపరులు అంటారు. భూతద్దం కూడా చూడనివాళ్లు ఎన్నో తరాల అనుభవం మీద చెప్పిన మాట అది. ఎండ ఎక్కి పరక ఆరితే పురుగులు కిందికి దిగుతాయి. పురుగుల్లో చాలా భాగం పరక అడుగునే వుంటాయి గనక, గడ్డిని నేల దాకా కొరకనివ్వకుండా మందను ముందుకు తోలడం కూడా మంచిదే. మేక ఆకూ అలమూ అందుకుని మేసినంతకాలం దీని బారిన అంతగా పడదు. కట్టుదిట్టంగా ఒక్క పచ్చికలోనే మేపితే గొర్రె కంటె ఎక్కువ బాధపడుతుంది.

గడ్డి వల్లనే నట్టలు వస్తే, గడ్డి ముట్టని దూడకు రాకూడదు కదా? అయినా నెల తిరగని గేదె దూడల పేగుల్లో జానెడు పొడవున్న ఏలిక పాములు వుంటాయి. ఇవి వేరే జాతి. తల్లి గేదె ఎప్పుడో మింగిన గుడ్ల నుంచి వచ్చిన పిల్ల పురుగులు దాని కండల్లో కదలకుండా పడి వుంటాయి. ఈనే వేళకు మేలుకుని పాలలోకి వస్తాయి. దూడ పాలు తాగితే పురుగులు కూడా లోపలికి పోతాయి. పేగులో ఉండలు కట్టి, మేత దారినే మూసివేస్తాయి. దూడ పొట్ట ఉబ్బి, తెల్లని మట్టి రంగు పేడ వేస్తూ నీరసిస్తుంది. ఇది విని ముర్రుపాలు మాన్పించారంటే కొరివితో తల గోక్కున్నట్టే. జబ్బులకు ఎదురు నిలిచే శక్తి దూడకు ముర్రుపాల వల్లనే వస్తుంది. పాలు తాగనిచ్చి, పుట్టిన పదో రోజుకూ పదిహేనో రోజుకూ మధ్య పశువైద్యుడు చెప్పిన మోతాదులో నట్టల మందు పోయిస్తే చాలు. దూడ దక్కుతుంది.

గొర్రెలకూ మందులు వున్నాయి. అయితే ఆ మందుల కథ మాత్రం అంత సుఖంగా నడవలేదు.

1940 ప్రాంతాల నుంచి ఫినోథయజిన్ అనే మందు గొర్రెలకు వాడుకలోకి వచ్చింది. 1957 నాటికే దానికి లొంగని నట్టలు అమెరికాలో బయటపడ్డాయి. 1961లో థయాబెండజోల్ వచ్చింది. ఎంతో గొప్ప మందు అన్నారు. మూడేళ్లు గడిచేసరికి, 1964లో, దానికీ లొంగని నట్టలు కనిపించాయి. తరువాతది మరీ పేరు పొందిన మందు. జపానులో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర తీసిన మట్టిలో సతోషి ఓమురా అనే శాస్త్రజ్ఞుడు ఒక సూక్ష్మజీవిని పట్టుకున్నాడు. అమెరికాలో విలియం కాంబెల్ అనే ఆయన, తన తోటివారితో కలిసి, ఆ జీవి నుంచి నట్టలను చంపే మందు తీశాడు. అదే ఐవర్‌మెక్టిన్. 1981లో అమ్మకానికి వచ్చింది. ఆఫ్రికాలో మనుషుల చూపు పోగొట్టే ఒక పురుగు జబ్బుకు కూడా అది పనికివచ్చింది. 2015లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమానం వచ్చింది. అంతటి మందుకు కూడా పదేళ్లు తిరగకుండానే దక్షిణాఫ్రికాలో ఈ నట్ట ఎదురు నిలిచింది! మన దేశంలోనూ మందులకు లొంగని నట్టలు వున్నాయి.

ఇది ఎలా జరిగిందో చూడండి. మందలోని నట్టలన్నీ ఒక్కలాంటివి కావు. లక్షల్లో ఏ కొద్దిటికో మందును తట్టుకునే గుణం పుట్టుకతోనే వుంటుంది. మందలోని ప్రతి గొర్రెకూ మందు పోశామనుకోండి. మామూలు నట్టలన్నీ చచ్చి, మొండివి మాత్రం మిగులుతాయి. ఆ తరువాత పచ్చిక మీద పడే గుడ్లన్నీ వాటివే. మనమే జల్లెడ పట్టి మొండివాటిని విత్తనానికి ఏరి పెట్టినట్టయింది! గొర్రె తూకం చూడకుండా, కంటి అంచనా మీద తక్కువ మోతాదు పోస్తే ఈ పని మరింత తొందరగా జరుగుతుంది.

మందు పని చేసిందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. కోడిగుడ్డు మంచినీళ్లలో మునుగుతుంది, చిక్కని ఉప్పునీళ్లలో తేలుతుంది; చేసి చూడండి. నట్టల గుడ్లూ అంతే. పెంటికలను ఉప్పునీళ్లలో కలిపి వడగట్టి వుంచితే గుడ్లు పైకి తేలుతాయి. వాటిని గళ్లు గీసిన గాజు పలక మీద సూక్ష్మదర్శినితో లెక్కపెడతారు. ఈ పద్ధతిని 1939లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో గార్డన్, విట్‌లాక్ అనే ఇద్దరు ఏర్పరిచారు. గ్రాము పెంటికల్లో మందుకు ముందు వెయ్యి గుడ్లు వుంటే, మందు పోసిన రెండు వారాలకు యాభైకి మించి వుండకూడదు. మించితే ఆ మందుకు ఆ మందలో కాలం చెల్లుతున్నట్టే.

అయితే ఏం చెయ్యాలి? మందు పొయ్యకపోతే గొర్రెలు చస్తాయి, పోస్తే మందు చస్తుంది. ఈ చిక్కుముడిని విప్పే ఉపాయం కూడా, మందు ఓడిపోయిన దక్షిణాఫ్రికా నుంచే వచ్చింది. మందలో అన్ని గొర్రెలకూ నట్టలు సమంగా వుండవు. చాలా గొర్రెలు కొద్ది నట్టలను భరించుకుని హాయిగానే తిరుగుతాయి. నట్టల్లో పెద్ద భాగాన్ని ఏ కొన్ని గొర్రెలో మోస్తుంటాయి. ఆ కొన్నిటినే పోల్చి, వాటికి మాత్రమే మందు పోస్తే? మిగతా గొర్రెల్లోని మామూలు నట్టలు గుడ్లు పెడుతూనే వుంటాయి. పచ్చిక మీద వాటి సంతతి ఎక్కువగా, మొండివాటి సంతతి తక్కువగా వుంటుంది. మందు చాలాకాలం పని చేస్తుంది. కొన్ని నట్టలను కావాలనే బతకనివ్వడం అన్నమాట. వినడానికి విడ్డూరంగా వున్నా ఇందులో గొప్ప తెలివి వుంది.

ఆ కొన్నిటినీ పోల్చడం ఎలా? ఫాఫా మలాన్ అనే పశువైద్యుడు దీనికి జవాబు గొర్రె కంటిలో చూశాడు. నెత్తురు నిండుగా వుంటే కింది రెప్ప లోపలి వైపు ఎర్రగా వుంటుంది. తగ్గిన కొద్దీ పాలిపోతుంది. ఆయన ఒక అట్ట మీద అయిదు రంగులు అచ్చువేయించాడు. మొదటిది ముదురు ఎరుపు, అయిదోది దాదాపు తెలుపు. ఆయన పేరులోని అక్షరాలతోనే దాన్ని ఫమాచా అట్ట అంటున్నారు. చీకటి దొడ్డిలో కాక ఎండలో నిలబడి చూడాలి. బొటనవేలితో పై రెప్పను మూసి మెల్లగా అదిమి, మరొక వేలితో కింది రెప్పను లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. వెంటనే అట్టతో పోల్చాలి. ఆలస్యమైతే రంగు మారుతుంది. ఒకటి రెండు రంగులైతే మందు అక్కరలేదు. నాలుగు, అయిదు అయితే ఆ పూటే పొయ్యాలి. మధ్యది మూడు, లేత పిల్లలకూ చూడి గొర్రెలకూ అయితే పొయ్యడమే మేలు. వానాకాలంలో రెండు వారాలకొకసారి ఇలా చూస్తే మంచిది. పిడుదుల వల్లా, కార్జపు జలగల వల్లా కూడా రెప్ప పాలిపోవచ్చు గనక, మందు పోసినా రంగు తిరగని గొర్రెను పశువుల ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇక మందు పోసేటప్పుడు తల మరీ పైకెత్తి పట్టకూడదు. పొరపోయి మందు ఊపిరితిత్తుల్లోకి పోతే, నట్టల వల్ల చావని గొర్రె మన చేతిలో చస్తుంది.

మందు లేకుండా నట్టలను ఎదుర్కొనే మార్గాలు కూడా శాస్త్రజ్ఞులు వెతికారు. తూర్పు ఆఫ్రికాలో ఎర్ర మాసాయి అనే గొర్రె జాతి పుట్టుకతోనే వీటిని తట్టుకుంటుంది. డడింగ్‌టోనియా అనే ఒక బూజు వుంది. దాని గింజలను దాణాలో కలిపి పెడితే అరగకుండా పెంటికలతో బయటికి వస్తాయి. అక్కడ మొలిచి జిగురు వలలు పన్ని, అప్పుడే పుట్టిన నట్ట పిల్లలను పట్టి తినేస్తాయి. సాలెగూడులో ఈగ చిక్కినట్టే!

2014లో ఆస్ట్రేలియాలో అమ్మకానికి వచ్చిన టీకా మరీ గడుసైనది. స్కాట్లండులోని మోర్డన్ పరిశోధనాలయం వాళ్లు దాన్ని కనిపెట్టారు. నట్ట పేగు గోడలో వుండే మాంసకృత్తులను తీసి గొర్రెకు టీకా వేస్తారు. గొర్రె నెత్తురులో వాటికి విరుగుడు పుడుతుంది. నట్ట ఆ నెత్తురును తాగినప్పుడు విరుగుడు కూడా లోపలికి పోయి దాని పేగునే పాడు చేస్తుంది. తాగిన నెత్తురు అరగక నట్ట కృశిస్తుంది, గుడ్లు పెట్టడం మానేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ బలం ఎక్కువకాలం నిలవదు. మొదట కొద్ది వారాల ఎడంతో వరసగా టీకాలు వేసి, ఆ పైన ఆరేసి వారాలకొకసారి వేస్తూ వుండాలి. ఆ మాంసకృత్తులను ప్రయోగశాలలో కృత్రిమంగా చేసి చూశారు గాని, అవి సరిగా పని చెయ్యలేదు. అందుచేత ఈ టీకాకు కావలసిన సరుకును కోసిన గొర్రెల కడుపుల నుంచి ఏరిన నట్టలలోంచే తీస్తున్నారు.